బుడమేరు చివర గూడబాతుల ఊరు

రెడ్డిగూడెంలో పడ్డ వాన ఎక్కడికి పోతుంది? మా మెట్టలో ఈ మాట అడిగేవాళ్లు తక్కువ. వాన పడటమే అపురూపమైన చోట, పడ్డ చుక్క చెరువులో నిలిచిందా, మామిడి పాదులో ఇంకిందా అన్నదాని మీదే అందరి మనసూ ఉంటుంది. వాగు దాటిపోయిన నీటిని ఎవరూ తలుచుకోరు. ఈ ఆదివారం కథ అలా దాటిపోయిన నీటిదే.

జగ్గయ్యపేట వైపు కురిసింది పాలేరులో, నందిగామ వైపు కురిసింది మునేరులో పడి కృష్ణలో కలుస్తుంది. మైలవరం కొండల దగ్గరికొచ్చేసరికి నేల వాలు మారుతుంది. ఇక్కడి వాగులు బుడమేరులో పడతాయి. బుడమేరు బెజవాడను ఒరుసుకుంటూ తూర్పుకి మళ్లి, గన్నవరం దాటి, నందివాడ పల్లాల్లోంచి పోయి కొల్లేట్లో దిగుతుంది. నూజివీడు వైపు నుంచి రామిలేరు, చాట్రాయి వైపు నుంచి తమ్మిలేరు కూడా అక్కడికే చేరతాయి. కృష్ణా మెట్టలో ఈ సగానికి సముద్రం కంటే ముందు కొల్లేరే గమ్యం. మన ఏరు ఎక్కడ ఆగుతుందో ఒక్కసారైనా కళ్లారా చూడాలని ఉంటే చలికాలంలో పొద్దున్నే కైకలూరు పక్కన ఆటపాకలో పడవెక్కాలి. నీళ్లతో పాటు అక్కడ ఇంకేం కనిపిస్తుందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

తెల్లవారుజామున చీకట్లో రెడ్డిగూడెం నుంచి బయల్దేరి నూజివీడు, హనుమాన్ జంక్షన్, గుడివాడ, ముదినేపల్లి మీదుగా కైకలూరు చేరడానికి రెండు గంటల పైచిలుకు పడుతుంది. జనవరిలో వెళ్తే దారి కూడా ఒక పాఠమే. నూజివీడు దాటేదాకా మామిడి పూత వాసన కారు అద్దాల్లోంచి లోపలికి కొడుతూనే ఉంటుంది. ఎర్ర నేల, రాళ్ల గుట్టలు, తాటిచెట్లు. కలకత్తా రోడ్డు దాటి గుడివాడ దారి పట్టాక నేల నల్లబడుతుంది, చదునవుతుంది. కాలవలు మొదలవుతాయి. ముదినేపల్లి దగ్గరికొచ్చేసరికి పొలాలకు బదులు చెరువులే. గట్టు, చెరువు, మళ్లీ గట్టు, మళ్లీ చెరువు. ఏరేటర్లు నీళ్లు చిమ్ముతుంటాయి. ఐసు లారీలు, చేపల పెట్టెలు ఎక్కించుకుంటున్న లారీలు రోడ్డు పక్కనే ఉంటాయి. ఇక్కడ పట్టిన బొచ్చె, శీలావతి కలకత్తాకి, అస్సాంకి పోతాయి. బెంగాలీ ఇంట్లో ఆదివారం చేపల పులుసు కైకలూరు చేపదైతే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఆటపాక కైకలూరుకు ఆనుకునే ఉంటుంది. అటవీ శాఖ గేటు, టిక్కెట్టు గది, పక్షుల నమూనాలు పెట్టిన చిన్న మ్యూజియం, పడవల రేవు. రెండు వందల ఎకరాలకు పైబడిన చెరువు అది. కొల్లేరు అభయారణ్యంలో ఒక మూల. కొల్లేరంటే అంతు కనపడని నీళ్లని ఊహించుకుని వచ్చినవాళ్లు ఈ గట్లు కట్టిన చెరువును చూసి మొదట కాస్త నీరసపడతారు. తొందరపడొద్దు. పడవ ఒడ్డు వదిలాక ఆ మాట గుర్తుకు కూడా రాదు.

మొదట తగిలేది వాసన. పచ్చి చేప, రెట్ట, బురద కలిసిన ఘాటు వాసన. తర్వాత చప్పుడు. వేలాది పక్షులున్న చోట అరుపులు మిన్నంటుతాయనుకుంటాం. పెద్ద గూడబాతులు దాదాపు మూగవి. అప్పుడప్పుడూ ముక్కులు టపటపలాడించడం, గొంతులో చిన్న గుర్రు, అంతే. మనకు వినిపించే గోలంతా పిల్లలది. ఆకలి ఆకలి అని గూళ్లలోంచి ఒకటే కీచులాట. పొద్దెక్కని మంచులో ఆ గోల వైపే పడవ మెల్లగా పోతుంది. నీటి మీద గుర్రపుడెక్క, అక్కడక్కడా తుంగ, దాని మధ్య నిగనిగలాడే నీలం రంగులో జంబుకోళ్లు. పొడుగు వేళ్లతో ఆకుల మీదే నడుచుకుంటూ పోయే జకానా. ఎండుకొమ్మ మీద రెక్కలు రెండు పక్కలకీ చాచి కూర్చున్న నీటికాకి. దాని ఈకలు నీళ్లకు తడిసిపోతాయి. తడిస్తేనే లోతుకు మునగడం తేలిక. మునిగి చేపను పట్టాక మళ్లీ ఎగరాలంటే ఇలా ఆరబెట్టుకోక తప్పదు.

చెరువు మధ్యలో చెట్లు, చెట్ల పక్కనే ఇనుప స్టాండ్లు. నీళ్లలోంచి లేచిన కాళ్లు, పైన చట్రం. ఒక్కో చట్రం మీద వరసగా గూళ్లు. చెట్ల మీద కొమ్మ కనపడకుండా గూళ్లు. గూడబాతులు, వాటి పక్కనే ఎర్రకాళ్ల కొంగలు. రెండు జాతులూ ఒకే కొమ్మ మీద అరచెయ్యి ఎడంతో సర్దుకుని కాపురాలు చేస్తున్నాయి. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడగానే బూడిద రంగనుకున్న గూడబాతు వీపు కింద లేత గులాబీ ఛాయ తేలుతుంది. పిల్లల్ని పెట్టే కాలంలోనే ఆ రంగు వస్తుంది. పై ముక్కు పొడవునా నల్లని చుక్కలు, మెడ వెనక రేగిన జుట్టు. నాలుగు నుంచి ఆరు కిలోల బరువున్న పక్షి అది. రెక్కలు చాచిందంటే ఎనిమిదడుగులు. అది నీటి మీద దిగే తీరు చూసి తీరాలి. కాళ్లు రెండూ ముందుకు చాచి, నీటిని చీల్చుకుంటూ వచ్చి నిలుస్తుంది.

మా పడవ నడిపినాయన మధ్య వయసు మనిషి. మాలో ఒకరు ఫోన్ పట్టుకుని "ఇంకాస్త దగ్గరికి పోనివ్వండి అన్నా" అంటే తెడ్డు ఆపేశాడు.

"పోకూడదండి. తల్లి బెదిరి లేచిందంటే గూడు ఖాళీ అవుద్ది. కాకి కాసుకుని కూర్చునుంటాదండి అక్కడే. గుడ్డు పొడిచేస్తాది. మనకి ఒక ఫోటో, దానికి ఒక పిల్ల."

అటవీ శాఖ బోర్డుల మీద రాసిన జాగ్రత్తలన్నీ ఈ ఒక్క మాటలో ఉన్నాయి. గూడబాతు సాధారణంగా మూడు నాలుగు గుడ్లు పెడుతుంది. నెల రోజులు పొదుగుతుంది. తల్లీ తండ్రీ వంతులేసుకుని కూర్చుంటాయి. పుట్టిన పిల్ల ఒంటి మీద ఒక్క నూగైనా ఉండదు. కొన్నాళ్లకు తెల్లని నూగు కప్పుకుంటుంది. మూడు నాలుగు నెలలు పోతే గానీ తన తిండి తాను వెతుక్కోలేదు. అన్నాళ్లూ తల్లి గొంతులోకి తల దూర్చి, అది సగం అరిగించి తెచ్చిన చేపను తింటుంది. చూసేవాళ్లకు తల్లే పిల్లను మింగేస్తోందా అనిపిస్తుంది. మాతో వచ్చిన చిన్నపిల్ల ఒకతె ఏడ్చినంత పని చేసింది. అది అన్నం తినడమని వాళ్ల నాయనమ్మ నచ్చజెప్పాక, ఆ తర్వాత ప్రతి గూటినీ "దానికి పెట్టిందా? దీనికి పెట్టిందా?" అని అడగడం మొదలెట్టింది.

పొద్దున్నే ఎందుకు వెళ్లాలో ఇక్కడ చెప్పాలి. గూడబాతు బరువైన పక్షి. రెక్కలాడిస్తూ ఎంతో దూరం పోవాలంటే దానికి శ్రమ. నేల వేడెక్కి, వేడి గాలి పైకి లేచాక ఆ గాలిని పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ ఎత్తుకు పోతుంది. అక్కణ్నుంచి రెక్క ఆడించకుండా మైళ్ల దూరం జారిపోతుంది. అందుకే పొద్దెక్కేదాకా చాలా పక్షులు గూళ్ల దగ్గర, నీళ్ల మీద ఉంటాయి. వేట కూడా మన కళ్ల ముందే జరుగుతుంది. ముక్కు కింది తిత్తి నీళ్లలో తెరుచుకుంటుంది, చేపతో పాటు నీళ్లన్నీ అందులోకి వస్తాయి. తల వంచి నీళ్లు కార్చేసి, తల ఎత్తి చేపను మింగుతుంది. ఎర్రకాళ్ల కొంగది వేరే పద్ధతి. ముక్కును సగం తెరిచి నీళ్లలో పెట్టి, కాలితో బురదను కదుపుతూ నడుస్తుంది. దాని వేటకు చూపుతో పని లేదు, ముక్కుకు తగిలిందే చేప. తగలగానే టక్కున మూసేస్తుంది. నత్తగుల్ల కొంగకైతే మూసినా ముక్కు మధ్య సందు ఉంటుంది. వరిచేలల్లో నత్తల్ని ఏరుకు తినడంలో దాన్ని మించింది లేదు.

ఇక్కడో మాట గట్టిగా చెప్పాలి. ఏటా చలికాలం రాగానే "సైబీరియా నుంచి వచ్చిన అతిథులు" అని మన పత్రికలు, టీవీలు ఈ గూడబాతుల ఫోటోలు వేస్తాయి. ఇవి సైబీరియావి కావు. ఆటపాకలో పిల్లల్ని చేసే చుక్కముక్కు గూడబాతులు మన దేశం, శ్రీలంక, కంబోడియా లాంటి దక్షిణ, ఆగ్నేయాసియా దేశాల పక్షులు. ఎర్రకాళ్ల కొంగలూ ఇక్కడివే. నీళ్లు, తిండి ఎక్కడ దొరికితే అక్కడికి చెరువు నుంచి చెరువుకు మారతాయి, అంతే. హిమాలయాలు దాటి నిజంగా దూరదేశాల నుంచి వచ్చేవి వేరే ఉన్నాయి. సూదితోక బాతులు, కొన్ని రకాల చిన్న బాతులు, ఉల్లంకులు. అవి ఇక్కడ చలికాలం గడిపి పోతాయే గానీ గూడు కట్టవు. ఈ తేడా ఎందుకంత ముఖ్యమంటారా? అతిథి అనుకుంటే చూసి చప్పట్లు కొట్టి పంపేస్తాం. మన ఇంటి పక్షి అనుకుంటే దానికి ఇల్లుందా అని అడుగుతాం. ప్రపంచంలో చుక్కముక్కు గూడబాతు ముప్పు అంచున ఉన్నదని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య తన జాబితాలో రాసుకుంది. దీని భవిష్యత్తు చాలావరకు దక్షిణ భారతంలోని చెరువుల చేతుల్లో ఉంది. మన రాష్ట్రంలో సూళ్లూరుపేట దగ్గర నేలపట్టు, గుంటూరు పక్కన ఉప్పలపాడు, శ్రీకాకుళం జిల్లాలో తేలినీలాపురం, మన ఆటపాక. ఇలాంటి చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి.

ఇల్లు పోతే ఏమవుతుందో కొల్లేటి పక్షులకు ఒకసారి అనుభవమే. కేరళకు చెందిన పక్షిశాస్త్రవేత్త కె.కె.నీలకంఠన్, తర్వాత రోజుల్లో ఇందుచూడన్ పేరుతో మలయాళ పాఠకులందరికీ తెలిసినాయన, 1940ల్లో పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు దగ్గర పెద్ద గూడబాతుల స్థావరాన్ని చూశాడు. దాని మీద 1949లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వ్యాసం రాశాడు. మూడు దశాబ్దాలు తిరిగేసరికి, 1970ల చివర్లో అదే పత్రికలో మరొకరు ఆ స్థావరం గురించి రాశారు. అప్పటికి అది లేదు. గూళ్లు లేవు, పక్షులు లేవు. ఊరి పక్క పక్షి ఊరి అవసరాలకు అడ్డమయితే ఏ గొడవా లేకుండా ఇలాగే తొలగిపోతుంది. ఆ తర్వాత చాలా ఏళ్లకు ఆటపాకలో గూళ్లు మొదలయ్యాయి. ఈ పక్షులు కొల్లేటిని రెండోసారి నమ్మాయన్నమాట. నేనిక్కడ పడవలో కూర్చున్నప్పుడు నాకు అన్నిటికన్నా బరువుగా తోచింది ఇదే.

అలా నమ్మి వచ్చిన పక్షులకు మనం ఇచ్చిన ఇల్లు ఎలాంటిది? చెరువులో చెట్లు చాలడం లేదు. ఉన్న చెట్లు కూడా ఏళ్ల తరబడి పడ్డ రెట్టకు మాడి చస్తున్నాయి. అందుకే ఇనుప స్టాండ్లు. అటవీ శాఖ చేసిన మంచి పనుల్లో ఇదొకటి, ఆ మాట నిండు మనసుతో ఒప్పుకుంటాను. కొమ్మ దొరకని జంట ఇనుప చట్రం మీద పుల్లలు పేర్చి పిల్లల్ని చేసుకుంటున్నదంటే అది వాటి ఓర్పు, మన అదృష్టం. కానీ ఆ చట్రాలు చూసి కొల్లేరు బాగుందని అనుకోకూడదు. చెట్టుండాల్సిన చోట ఇనుము నిలబడి ఉంది.

తిండి కథ ఇంకా చిక్కుది. ఇన్ని వేల పక్షులు, ఇన్ని పిల్లలు. ఆటపాక చెరువు ఒక్కటే వీటికి చాలదు. వేడిగాలి పట్టుకుని ఎగిరిపోయాక ఇవి చుట్టుపక్కల చేపల చెరువుల మీద కూడా పడతాయి. చేప పిల్ల కొని, మేత వేసి, కరెంటు బిల్లు కట్టి పెంచిన రైతుకు అది నష్టమే. అందుకే కొన్ని చెరువుల మీద తీగలు కట్టి ఉంటాయి, కొన్నిచోట్ల టపాకాయలు పేలుస్తారు. చిక్కేమిటంటే, కొల్లేటిని మింగిందీ ఈ చేపల చెరువులే, కొల్లేటి పక్షికి కూడు పెడుతున్నదీ ఈ చేపల చెరువులే. ఇందులో ఎవరిని తిట్టాలో తేల్చుకోలేక పడవలో చాలాసేపు మాట్లాడుకున్నాం.

కొంచెం వెనక్కి వెళ్తే గానీ ఈ ముడి అర్థం కాదు. కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లపు గిన్నె. పైనుంచి బుడమేరు, రామిలేరు, తమ్మిలేరు, గుండేరు, రెండు డెల్టాల మురుగు కాలవలు అన్నీ ఇందులోకే. బయటికి పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. అరవై కిలోమీటర్ల దాకా మెలికలు తిరిగి అది సముద్రంలో కలుస్తుంది. దండి దశకుమార చరిత్రలో ఆంధ్రదేశంలో సముద్రమంత సరస్సు ఒకటి వస్తుంది. అది కొల్లేరేనని పండితులంటారు. సరస్సు నడుమ లంకల్లో 46 గ్రామాలు. అక్కడి వడ్డి కులస్తులు తరతరాలుగా దోనెలు, మావులు, వలలతో కొరమేను, మట్టగిడస, జెల్ల పట్టుకుని బతికారు. నీళ్లు తగ్గిన నెలల్లో అదే నేలలో వరి వేసుకున్నారు.

1970ల్లో ప్రభుత్వం పేదల సహకార సంఘాలకు చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. ఉద్దేశం మంచిదే. చేపలో డబ్బు కనిపించగానే పెట్టుబడి ఉన్నవాళ్లు దిగారు, లీజులు చేతులు మారాయి, గట్లు కొల్లేటి నడుమ దాకా పాకాయి. వల వేసిన మనిషి తన సరస్సులోనే కాపలా కూలీ అయ్యాడు. 1999లో సముద్రమట్టానికి అయిదో అడుగు కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. 2002 ఆగస్టు 19న కొల్లేరు రామ్సార్ జాబితాలో చేరింది. చిత్తడి నేలల కోసం 1971లో ఇరాన్‌లోని రామ్సార్ ఊళ్లో దేశాలు చేసుకున్న ఒప్పందం కింద వచ్చిన జాబితా అది. కాగితం మీద గౌరవం దక్కింది గానీ గట్లు అలాగే ఉన్నాయి. చివరికి సుప్రీంకోర్టు ఆదేశాలతో 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో వాటిని పగలగొట్టారు. 2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు, అంటే 135 చదరపు కిలోమీటర్లకు కుదించాలని శాసనసభ తీర్మానం చేసింది. దాన్ని పరిశీలించిన అజీజ్ కమిటీ అలా కుదించవద్దంది. ఆ వాదన ఇప్పటికీ ఎన్నికలు వచ్చినప్పుడల్లా లేస్తుంది.

లంక గ్రామాల వాళ్లను పక్కన పెట్టి పక్షుల గురించి మాత్రమే మాట్లాడేవాళ్లతో నాకు పేచీ ఉంది. గట్లు కొట్టిన నాడు పెద్ద పెట్టుబడి పోయినవాళ్లు వేరే చోట మళ్లీ చెరువులు తవ్వుకున్నారు. ఎకరం అర ఎకరం వాటా మీద బతికినవాళ్లకు ఆ దారి లేకపోయింది. వాళ్ల బతుకును కలుపుకోకుండా కొల్లేరు బాగుపడదు. నత్త దగ్గర్నుంచి గూడబాతు దాకా అందరి తిండీ ఏ నీళ్లలో ఉందో వాళ్లకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. మాకు పడవ నడిపినాయన దూరంగా ఎగిరే పక్షి తీరును బట్టి అది ఎటు మేతకు పోతోందో, ఆ వైపు నీళ్లు ఎంత లోతున్నాయో చెప్పేశాడు.

ఇక మన సంగతి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు ఏం చేసిందో ఎవరూ మర్చిపోలేదు. మైలవరం కొండల్లో కురిసిన కుంభవృష్టి వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర ఎత్తుకొచ్చి, మళ్లింపు కాలవ గట్టుకు గండ్లు పడి, బెజవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో మునిగింది. గండ్లు పూడ్చడానికి సైన్యం రావాల్సి వచ్చింది. అప్పుడు టీవీల్లో అందరూ బుడమేరు ఎక్కడ పుడుతుందో చెప్పారు గానీ, ఎక్కడ ఆగుతుందో చెప్పినవాళ్లు కొద్దిమందే. ఆ నీళ్లలో పెద్ద భాగం కొల్లేటికి పోయింది. ఏలూరు కైకలూరు రోడ్డు మీదికి కూడా కొల్లేరు ఎక్కింది. ఏరు ఒంపుల్ని ఇళ్లతో పూడ్చి, దిగువన సరస్సును గట్లతో పూడ్చితే నీళ్లు నిలబడే చోటే మిగలదు. ఆ సరస్సు సరిగ్గా ఉన్ననాడు వరద వచ్చి అందులో పరుచుకుని, తీరిగ్గా ఉప్పుటేరు దారిన పోయేది. ఆ పరుచుకునే చోటే పక్షులకు మేత. వరదకు జాగా, పక్షికి జాగా వేరువేరు కావు. ఇంజనీర్లు, అటవీ అధికారులు వేరువేరు గదుల్లో కూర్చుని మాట్లాడుకున్నన్నాళ్లూ రెండూ దొరకవు.

మన మెట్ట నుంచి కొల్లేటికి పోయేది నీళ్లొక్కటే కూడా కాదు. తోటల్లో పూతకు కొట్టిన మందు, ఊరి డ్రైనేజీ, పెళ్లి భోజనాల ప్లాస్టిక్ గ్లాసులు, తర్వాత బెజవాడ మురుగు అన్నీ ఆ వాలున దిగుతాయి. ఆటపాక చెరువులో తేలే ప్లాస్టిక్ సంచుల్లో మనవి ఎన్నో చెప్పలేం. కైకలూరు ఊరి మీద నెపం వేసి తప్పుకోవడం మాత్రం న్యాయం కాదు. మా వైపు బళ్లలో నదుల పాఠం చెప్పేటప్పుడు గంగా యమునల కంటే ముందు పిల్లలకు తమ ఊరి వాగు ఎక్కడికి పోతుందో చూపించాలని నా గట్టి కోరిక. మైలవరం, రెడ్డిగూడెం, నూజివీడు పిల్లల్ని ఒక బస్సులో ఎక్కించి ఏటి వెంట ఆటపాక దాకా తీసుకెళ్లే విహారయాత్ర పెట్టొచ్చు. ఒక్క పూటలో భూగోళం, జీవశాస్త్రం, రాజకీయం అన్నీ కళ్ల ముందుంటాయి.

వెళ్లదలుచుకున్నవాళ్లకు కొన్ని మాటలు. అక్టోబరు నుంచి మార్చి దాకా సరైన కాలం. పిల్లలతో నిండిన గూళ్లు చూడాలంటే డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి మేలు. సంక్రాంతి సెలవుల్లో జనం ఎక్కువ, పడవ కోసం ఎదురు చూడాల్సి వస్తుంది. మామూలు రోజు వెళ్తే మంచిది. పడవలు ఎన్నింటికి మొదలవుతాయో ముందురోజే అటవీ శాఖ వాళ్లను అడిగి తెలుసుకోండి, నీటి మట్టాన్ని బట్టి అది మారుతుంది. ముదురు ఆకుపచ్చ, మట్టిరంగు బట్టలు వేసుకోండి. ఎర్రచీర, మెరుపు చొక్కా వద్దు. బైనాక్యులర్ ఉంటే తప్పకుండా తీసుకెళ్లండి, పడవను దగ్గరికి పోనివ్వమని అడగాల్సిన పని ఉండదు. పాటలు పెట్టొద్దు, డ్రోన్ ఎగరేయొద్దు, పక్షులకు మరమరాలు, బిస్కెట్లు విసరొద్దు. పడవ దిగాక మ్యూజియం చూసి, ఓపిక ఉంటే ఏలూరు రోడ్డు మీద పెద యడ్లగాడి వంతెన దాకా వెళ్లండి. అక్కడ నిలబడితే గట్లు లేని కొల్లేరు కొంత కనిపిస్తుంది. ఇంకా ఓపిక ఉంటే కొల్లేటికోట పెద్దింట్లమ్మను దర్శించుకోవచ్చు, ఫాల్గుణంలో అక్కడ పెద్ద జాతర.

తిరిగి వచ్చేటప్పుడు గుడివాడ దారి బదులు ఏలూరు మీదుగా హనుమాన్ జంక్షన్ చేరే దారి పట్టండి. తమ్మిలేరు ఏలూరును రెండు పాయలుగా చుట్టి పోవడం కనిపిస్తుంది. జంక్షన్ దాటి నూజివీడు వైపు తిరిగాక రోడ్డు కింద అడ్డం వచ్చే ప్రతి వాగు దగ్గరా బండి నెమ్మది చేసి, అది ఎటు పారుతోందో పిల్లల చేత చెప్పించండి.